మొటిమల మందు రాస్తే ముఖం తెల్లబడుతోందా? ముందు మెడ చూసుకోండి

ఫొటోల్లో ముఖాలు దిద్దడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళుగా స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలకు లైటు సరిచేస్తాను, నుదుటి మీద జిడ్డు మెరుపు తగ్గిస్తాను, చొక్కా రంగు గడ్డం కింద పడితే తీసేస్తాను. రోజుకు నలభై ముఖాలు చూసే నాకు నా ముఖంలో మార్పు మాత్రం ఏడు నెలలు కనబడలేదు.

రెండేళ్ళ కిందట నా ఫొటో నేనే దిద్దుకుంటూ కూర్చున్నాను. ముఖానికి రంగు కుదిర్చితే మెడ మసిబారినట్టుంది. మెడకు కుదిర్చితే ముఖం పౌడర్ అద్దినట్టుంది. లైటు తప్పేమోనని ఇంకోసారి తీయించుకున్నాను. అదే వరస. దవడ ఎముక వెంబడి ఎవరో పెన్సిలుతో గీసినట్టు అక్కడితో ఒక రంగు ఆగిపోయి ఇంకో రంగు మొదలవుతోంది. జూమ్ చేసి చూస్తే ఎడమ దవడ మూలన, పెదవి పక్కన మడతలో, చిటికెనవేలి గోరంత మచ్చలు రెండు. చుట్టుపక్కల చర్మం కంటే లేతగా ఉన్నాయి.

అప్పటికి మొటిమలకు రెండు మందులు వాడుతున్నాను. పొద్దున అజలాయిక్ యాసిడ్ 20 శాతం క్రీమ్, దాని మీద సన్‌స్క్రీన్. రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్. డాక్టరు రాసిచ్చినవే. మొటిమలు తగ్గాయి కూడా. కనిపించినవాళ్ళంతా "ఏంటే, రంగొచ్చావు, ఏం రాస్తున్నావు?" అని అడిగేవాళ్ళు. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను. ఇదే మాత్ర మింగితే ఒంటి మీద దద్దుర్లు వచ్చాయనుకోండి, ఆ పూటే డాక్టరుకు ఫోన్ చేస్తాం. ముఖానికి రాసిన మందుతో రంగు తగ్గితే మాత్రం ఎదుటివాళ్ళు మెచ్చుకుంటారు, మనం థాంక్స్ చెప్తాం. ఈ దుష్ఫలితం ఆలస్యంగా బయటపడేది అందుకే.

రంగు తగ్గిందని అనిపించగానే చేయాల్సినవి, నేను చేసిన క్రమంలోనే చెప్తాను. అక్కడక్కడా మా పిన్ని కథ కూడా వస్తుంది. ఆవిడది నాకంటే పెద్ద తిప్పలు.

రంగు తగ్గడమంటే ఏమిటి

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. రంగుపదార్థమైన మెలనిన్‌ను అవే తయారుచేసి, చిన్న చిన్న సంచుల్లో పెట్టి చుట్టూ ఉన్న కణాలకు అందిస్తాయి. ఒక్కో మెలనోసైటు దాదాపు 36 కణాలకు రంగు పంచుతుంది. నల్లగా ఉన్నవాళ్ళలో ఈ కణాలు ఎక్కువ, తెల్లగా ఉన్నవాళ్ళలో తక్కువ అనుకుంటాం కానీ, లెక్కకు అందరిలోనూ దాదాపు అన్నే ఉంటాయి. ఆ సంచుల సైజు, వాటిలో సరుకు, అవి ఎంతకాలం నిలుస్తాయన్నదే తేడా.

కాబట్టి మందు వల్ల రంగు తగ్గే దారులు చాలా ఉన్నాయి. మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. హైడ్రోక్వినోన్, కోజిక్ యాసిడ్, అజలాయిక్ యాసిడ్ దాన్ని అడ్డుకుంటాయి. నయాసినమైడ్ తయారీ జోలికి పోదు, సంచులు పక్క కణాలకు చేరకుండా చూస్తుంది. ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు పైపొర త్వరత్వరగా రాలిపోయేలా చేస్తాయి. రంగు కూడా దానితో పాటే రాలిపోతుంది. స్టెరాయిడ్ క్రీములు మెలనోసైటు పనినే మందగింపజేస్తాయి. ఇవన్నీ ఫ్యాక్టరీకి సెలవిచ్చినట్టు. మందు ఆపితే పని మళ్ళీ మొదలవుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. అరుదుగా కొన్ని రసాయనాలు ఫ్యాక్టరీనే కూల్చేస్తాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

మరో దారి ఉంది, నా రెండు మచ్చలూ దాని బాపతే. మందు ఘాటుకు చర్మం మండి, ఎర్రబడి, పొట్టు లేచి మానాక ఆ చోట కొన్నాళ్ళు రంగు సరిగా రాదు. కొందరికి అదే మంట తర్వాత నల్లబడుతుంది. ఒకే మనిషికి ఒక చెంప మీద నలుపు, ఇంకో చోట తెలుపు రావడమూ ఉంది.

అసలు రంగు తగ్గకుండానే తగ్గినట్టు కనిపించే సందర్భాలే ఎక్కువ. అందుకని కంగారు పడేముందు కాసేపు పరీక్షలు చేయండి.

అద్దం ముందు అరగంట

ముఖం గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి బట్టతో అద్ది, పది నిమిషాలు ఆగండి. జింకు ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తెల్లటి పొరలా పేరుకుంటుంది, ముఖ్యంగా కనుబొమల్లో, ముక్కు పక్క మడతల్లో, చెవి ముందు. అది కడుక్కుపోయేదైతే కథ ఇక్కడితో అయిపోయింది.

తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్ ఏదైనా కొంచెం రాయండి. పొడిబారి పొట్టు లేచిన చర్మం మీద వెలుతురు చెదిరి బూడిద రంగులో కనిపిస్తుంది. మాయిశ్చరైజర్‌తో తెల్లదనం మాయమైతే మీకున్నది పొడిబారడం. అది కూడా మందు ఎక్కువైందన్న హెచ్చరికే అనుకోండి, కానీ రంగు పోలేదు.

మూడోది, పారదర్శకంగా ఉన్న గాజు గ్లాసు అంచు దగ్గరి పక్కభాగాన్ని మచ్చ మీదా, దాని పక్క చర్మం మీదా పడేలా మెల్లగా నొక్కి చూడండి. నొక్కితే రక్తం పక్కకు జరిగి చుట్టూ ఉన్న చర్మమూ పాలిపోతుంది. అప్పుడు మచ్చకూ చుట్టుపక్కలకూ తేడా పోతే అది రక్తనాళాల వ్యవహారం. స్టెరాయిడ్ క్రీములు రాసిన కాసేపటికి రక్తనాళాల్ని ముడుచుకునేలా చేసి చర్మాన్ని పాలిపోయేలా చేస్తాయి. "మొదటి రోజే తేడా కనిపించింది" అనే క్రీముల వెనక చాలాసార్లు ఉండేది ఈ కనికట్టే. నొక్కినా తేడా అలాగే ఉంటే మెలనిన్ తగ్గినట్టు.

ఇప్పుడు పోలిక. అద్దంలో ముఖాన్ని ముఖంతోనే పోల్చుకుంటే ఏమీ తెలియదు, కన్ను అలవాటు పడిపోతుంది. మోచేతికి పైన, భుజానికి కింద, చేతి లోపలివైపు చూడండి. ఎండ తగలని చోటు, మందు రాయని చోటు. మీతో పుట్టిన రంగు దాదాపుగా అదే. చర్మాన్ని చదివే డాక్టర్లు కూడా అసలు రంగు కోసం చూసేది అక్కడే. ముఖం దానికంటే ఇంకా ముదురుగా ఉన్నా, లేదా దానితో సమానంగా వచ్చినా, ఎండ నలుపు వదులుతోందనో పాత మొటిమల మచ్చలు మాయమవుతున్నాయనో అర్థం. దానికంటే లేతగా మారితే మాత్రం మందు తన పరిధి దాటింది.

నా విషయంలో ఈ పోలికే సగం గుట్టు విప్పింది. నా చెంపల రంగు చేతి లోపలి రంగుతో సరిపోయింది. మరి మెడ? సన్‌స్క్రీన్‌ను ఏడు నెలలు శ్రద్ధగా దవడ దాకా రాసి అక్కడ ఆపేశాను! ముఖానికి ఎండ తప్పింది, మెడకు తప్పలేదు. నేను చూసిన గీతలో మందు పాత్ర కంటే సన్‌స్క్రీన్ పాత్రే ఎక్కువ. ఆ రెండు మచ్చలు మాత్రం గాజు పరీక్షకూ లొంగలేదు, మాయిశ్చరైజర్‌కూ లొంగలేదు.

ఫొటో తీసే పద్ధతి

ఇది నా రాజ్యం కాబట్టి కాస్త సాగదీస్తాను. రంగు నెలల మీద మారుతుంది. జ్ఞాపకంతో పట్టుకోలేం, ఫొటోలతోనే పట్టుకోవాలి. కానీ ఫోన్ కెమెరా అబద్ధాలకోరు. తెరిచేసరికే అందం మోడ్ ఆన్‌లో ఉంటుంది, నున్నగా చేసి ఒక మెట్టు తెల్లబరుస్తుంది. ముందు దాన్ని పూర్తిగా ఆపండి. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరాతో ఎవరిచేతనైనా తీయించండి. ఫ్లాష్ వద్దు.

కిటికీకి ఎదురుగా నిలబడండి, నేరుగా ఎండ పడకూడదు. ఒకే కిటికీ, ఒకే వేళ. సాయంత్రపు వెలుగులో అందరూ బంగారు బొమ్మలే, పోలికకు పనికిరారు. ఒంటి మీద ముదురు రంగు బట్టలుంటే ఆ రంగు గడ్డం కిందకు ఎగబాకుతుంది, తెల్ల టవల్ కప్పుకోండి. చెంప పక్కన తెల్ల కాగితం ఒకటి పట్టుకోండి, ఇది అన్నిటికంటే ముఖ్యం. తర్వాత రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టినప్పుడు కాగితం రెండింట్లోనూ ఒకేలా ఉంటేనే చర్మాన్ని పోల్చాలి. ఒకదానిలో కాగితం పసుపుగా, ఇంకోదానిలో నీలంగా ఉంటే ఆ జతను పక్కన పారేయండి.

ఎదురుగా ఒకటి, రెండు చెంపలవైపు ఒక్కోటి, గడ్డం ఎత్తి మెడ కనిపించేలా ఒకటి. నాలుగు చాలు. రెండు వారాలకోసారి తీయండి. రోజూ తీస్తే పిచ్చి పడుతుంది, నాకు పట్టింది. చర్మం పైపొర మారడానికే సుమారు నెల పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ.

ఆకారం ఏం చెబుతుంది

కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో ముఖం గీసి, లేత చోట్లు ఎక్కడున్నాయో పెన్సిలుతో రంగు వేయండి. పక్కనే ఇంకో బొమ్మ గీసి మీరు మందు ఎక్కడెక్కడ రాస్తారో వేయండి. రెండూ కలుస్తున్నాయా?

సరిగ్గా మందు రాసినంత మేరే లేతబడి అంచులు మసకగా ఉంటే అనుమానం మందు మీదే. నల్ల మచ్చ చుట్టూ తెల్లటి వలయం ఉంటే, మచ్చకని రాసిన మందు పక్కకు జారి బాగున్న చర్మాన్ని వెలిసిపోయేలా చేసిందని. హైడ్రోక్వినోన్‌ను చుక్కలు చుక్కలుగా పెట్టేవాళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. మా పిన్ని చెంప మీద మంగు మచ్చ చుట్టూ సరిగ్గా ఇలాంటి వలయమే ఉండేది. దూరం నుంచి చూస్తే మచ్చ ఇంకా నల్లబడినట్టు కనిపించేది. దాంతో ఆవిడ ఇంకా రాసేది. వలయం ఇంకా తెల్లబడేది.

ముక్కు పక్కల, పెదవి మూలల, దవడ మడతలో మాత్రమే ఉంటే మందు పేరుకుని మంట పెట్టిన చోట్లవి. రాత్రి జెల్ రాసుకుని ఎడమవైపు తిరిగి పడుకునే అలవాటు నాది. దిండు ఒత్తిడికి జెల్ అంతా ఆ మడతలోకే చేరేది. ఆ చోట రెండు నెలల ముందు పొట్టు లేచి చురచురమన్నది, నేను పట్టించుకోలేదు.

మందు రాయని చోట, ఉదాహరణకు వీపు మీదో ఛాతీ మీదో, పొలుసులతో లేత మచ్చలుంటే శోభి కావచ్చు. అది ఫంగస్. తమాషా ఏమిటంటే, శోభి మచ్చలు తెల్లగా ఎందుకుంటాయని ఆరా తీస్తూ వెళ్ళినవాళ్ళే ఆ ఫంగస్‌తో ముడిపడిన అజలాయిక్ యాసిడ్ మీద దృష్టి పెట్టారు. నా పొద్దుటి క్రీము పుట్టుక అదన్నమాట. పిల్లల చెంపల మీద పొడిగా, లేతగా వచ్చేవి చాలామటుకు పిటిరియాసిస్ ఆల్బా. దానికీ ఏ మందుకూ సంబంధం లేదు.

సుద్దముక్కతో గీసినట్టు పాలతెలుపు, స్పష్టమైన అంచు, ఆ చోట కనుబొమ వెంట్రుకో మీసం వెంట్రుకో తెల్లబడటం కనిపిస్తే బొల్లి అనుమానం. ఇంట్లో పరీక్షలు ఆపేసి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. గది చీకటి చేసి ఊదా దీపం వేసి చూస్తారు. రంగు కొంత తగ్గిన చోటుకూ పూర్తిగా పోయిన చోటుకూ తేడా ఆ దీపం కింద తెలుస్తుంది, పూర్తిగా పోయినచోట సుద్దలా మెరుస్తుంది. లేత మచ్చ మీద స్పర్శ తగ్గినా ఆలస్యం చేయకూడదు. కళ్ళు మూసుకుని, ఎవరినైనా దూదిపోగుతో తాకమని చూడవచ్చు. కుష్ఠు మచ్చకు స్పర్శ తగ్గుతుంది. అయితే ముఖంలో నరాలు దట్టంగా ఉంటాయి కాబట్టి స్పర్శ ఉన్నంతమాత్రాన ముఖం మీద మచ్చకు ఆ అనుమానం తీరినట్టు కాదు.

ట్యూబు మీద చిన్న అక్షరాలు

ఇంట్లో ముఖానికి రాసేవన్నీ బల్ల మీద పెట్టి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి చిన్న అక్షరాలు కాగితం మీద రాసుకోండి. ఫేస్‌వాష్ కూడా.

బీటామెథసోన్, మోమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లుయోసినోలోన్, డెక్సామెథసోన్ అని కనిపిస్తే అది స్టెరాయిడ్. దురదకనో, షేవింగ్ తర్వాత మంటకనో మొదలుపెట్టి నెలల తరబడి ముఖానికి రాస్తే రంగు తగ్గడం ఒక్కటే కాదు, చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, నోటి చుట్టూ ఎర్రటి గింజలు లేస్తాయి.

హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఏదో ఒక స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటే అది మంగుకు వాడే మిశ్రమం. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు ఈ మూడింటి కలయికను ప్రచురించారు, ఇప్పటి ట్యూబులన్నీ దాని పిల్లలే. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడటానికి తయారైంది. మా పిన్ని రెండేళ్ళు వాడింది. మొదటి రెండు నెలలు అద్భుతం, తర్వాత వలయం, ఆ తర్వాత ఎండలోకి వెళ్తే ముఖం టమాటాలా మారడం. విచిత్రంగా 1975లోనే దక్షిణాఫ్రికాలో ఫిండ్లే అనే డాక్టరు ఇంకో సంగతి గమనించాడు. ఎక్కువ మోతాదు హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళ బుగ్గల మీద నీలం-నలుపు మచ్చలు తేలుతున్నాయి. ఓక్రోనోసిస్ అంటారు. తెల్లబడాలని రాసిన మందే నల్లబరచడం, అది పోవడం మహా కష్టం కావడం. మీ లేత రంగు మధ్యలో బూడిద-నీలం ఛాయ కనిపిస్తే హైడ్రోక్వినోన్ ఆ రోజే ఆపి డాక్టరుకు చూపించండి.

మోనోబెంజోన్ అనే పేరు కనబడితే ముఖానికి రాయకండి. ఇందాక ఫ్యాక్టరీ కూల్చేవి ఉన్నాయన్నానే, ఇది అలాంటిది. దీని గుణం 1939లో అమెరికాలో తోళ్ళ పరిశ్రమ కార్మికుల వల్ల తెలిసింది. రబ్బరు గ్లవ్స్ వేసుకున్న చేతులు గ్లవ్స్ మేరకు తెల్లబడ్డాయి, రబ్బరులో కలిపిన ఈ రసాయనమే కారణం. బొల్లి ఒళ్ళంతా పాకి, మిగిలిన కాస్త రంగునూ తీసేయాలని నిర్ణయించుకున్నవాళ్ళకే డాక్టర్లు దీన్ని వాడారు. అలాంటిదే రోడోడెండ్రాల్. జపాన్‌లో దాన్ని కలిపిన సౌందర్య సాధనాలు వాడిన వేలమందికి తెల్ల మచ్చలు వచ్చి, 2013లో వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆపాక చాలామందికి రంగు తిరిగొచ్చింది, కొందరికి రాలేదు.

ఇమిక్విమోడ్ కూడా ఒకటి. పులిపిర్లకూ కొన్ని చర్మ క్యాన్సర్లకూ రాసే క్రీము. రాసిన చోట బొల్లి లాంటి తెలుపు వచ్చి ఉండిపోయిన సందర్భాలున్నాయి. ఆ జబ్బు తీవ్రతను బట్టి మందు కొనసాగించాలో మానాలో డాక్టరే చెప్పాలి.

ఏమీ రాసి లేని డబ్బా? లేబుల్ మీద పదార్థాల జాబితా లేని తెల్లబరిచే క్రీము చెత్తబుట్టకే. ఇలాంటివాటిలో పాదరసం బయటపడిన సందర్భాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

బెంజాయిల్ పెరాక్సైడ్ మీద మాత్రం అపనింద ఉంది. నా నీలం దిండు గలీబు మీద నారింజ రంగు మరకలు చూసి మా చెల్లెలు "బట్టకే ఇలా చేస్తే ముఖానికేం చేస్తుందే?" అని హడలిపోయింది (అడాపలీన్‌కు ముందు నేను వాడింది అదే). అది బట్టకు అద్దిన రంగును విరగ్గొడుతుంది, వెంట్రుకల రంగునూ తగ్గించగలదు. బతికున్న చర్మంలోని మెలనిన్‌ను అలా తీసేయలేదు. ముఖాన్ని మండించి, ఆ మంట తర్వాత రంగు మారడం వేరే సంగతి. తెల్ల గలీబు కొనుక్కుంటే సరి.

ఇక చేయాల్సింది

మంట, పొట్టు, ఎరుపు ఉంటే రెటినాయిడ్, యాసిడ్, స్క్రబ్ అన్నీ ఆపి, మృదువైన ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మీద రెండు వారాలు ఉండండి. మందు రాసిచ్చిన డాక్టరుకు ఆపిన సంగతి చెప్పండి. నేను ఇదే చేశాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు జెల్ రెండు రాత్రులకోసారి, ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద. పెదవి మూలలకూ ముక్కు పక్కలకూ పెట్రోలియం జెల్లీ పూత వేసి ఆ తర్వాతే జెల్. వెల్లకిలా పడుకోవడం నేర్చుకోవాలని చూశాను, రాలేదు. పడుకోవడానికి గంట ముందే రాసేయడం మొదలుపెట్టాను, ఆరిపోయేది.

స్టెరాయిడ్ సంగతి వేరు. నెలల తరబడి రాసినదాన్ని ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రగా వాచి, మండి, పొక్కులు లేస్తాయి. పిన్ని రెండుసార్లు సొంతంగా ఆపింది. రెండుసార్లూ నాలుగో రోజుకు అద్దం చూసి భయపడి మళ్ళీ ట్యూబు పట్టుకుంది. ఆ ఎరుపు జబ్బు తిరగబెట్టడం కాదనీ, మందు వదిలిపోతున్నప్పటి గోల అనీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మూడోసారి డాక్టరు తక్కువ బలమున్న స్టెరాయిడ్‌కు మార్చి, తర్వాత రోజు మార్చి రోజు చేసి, మధ్యలో స్టెరాయిడ్ కాని మందు ఇచ్చి మాన్పించారు. నాలుగు నెలలు పట్టింది. కాబట్టి స్టెరాయిడ్‌ను సొంతంగా మొదలుపెట్టినా, మానడం మాత్రం డాక్టరు చేతిలో పెట్టండి.

కోలుకునేటప్పుడు సన్‌స్క్రీన్ చెవుల మీదికీ మెడ చుట్టూ కూడా తీసుకెళ్ళండి. లేతబడ్డ చోట ఎండ తగిలితే త్వరగా రంగొస్తుందని చాలామంది అనుకుంటారు. వచ్చేది చుట్టుపక్కల నలుపు. తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పైగా రంగు లేని చోట ఎండ దెబ్బ సులువు. రంగు తెప్పిస్తామనే నూనెలూ లేపనాలూ ఇప్పుడే దెబ్బతిన్న చర్మం మీద ప్రయోగించకండి. బయటికెళ్ళినప్పుడు ఇబ్బందనిపిస్తే రంగున్న సన్‌స్క్రీన్ మంచి ఉపాయం. అందులోని ఐరన్ ఆక్సైడ్ తేడాను కప్పుతుంది, మంగు ఉన్నవాళ్ళకు కంటికి కనిపించే వెలుతురు నుంచి కూడా కొంత రక్షణ ఇస్తుంది.

రంగు తిరిగి రావడం రెండు రకాలుగా చూశాను. నా మచ్చలు అంచుల నుంచి మసకబారుతూ కలిసిపోయాయి, పూర్తిగా కలవడానికి నాలుగు నెలలు. పిన్ని వలయంలో మాత్రం వెంట్రుకల కుదుళ్ళ దగ్గర గసగసాల్లా గోధుమ రంగు చుక్కలు లేచాయి. ఇదేదో కొత్త రోగమని ఆవిడ కంగారుపడింది. మెలనోసైట్ల నిల్వ వెంట్రుక కుదుళ్ళలో ఉంటుంది, రంగు అక్కడి నుంచే పైకి వస్తుంది. ఆ చుక్కలు కనిపిస్తే సంతోషించండి, గిల్లకండి.

మందు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కొలత చూసుకోండి. రెటినాయిడ్ అయితే ముఖమంతటికీ బఠాణీ గింజంత, అంతే. ఎక్కువ రాస్తే మొటిమలు త్వరగా పోవు, మంట త్వరగా వస్తుంది. డాక్టరు ముఖానికి స్టెరాయిడ్ రాసిస్తే ఎన్ని రోజులో అడిగి, ఆ తేదీని ట్యూబు మీదే పెన్నుతో రాయండి. కొత్త మందు ఏదైనా ముందు చెవి వెనకో దవడ కిందో రూపాయంత మేర వారం రోజులు రాసి చూడండి. గర్భంతో ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా రెటినాయిడ్లు, హైడ్రోక్వినోన్ జోలికి వెళ్ళకుండా డాక్టరును అడగండి.

డాక్టరు దగ్గరకు వెళ్తే ఫొటోలు, పెన్సిలు బొమ్మలు, ట్యూబులు అన్నీ పట్టుకెళ్ళండి. ముఖం కడుక్కుని వెళ్ళండి, మేకప్ వద్దు. "ఏదో తెల్ల క్రీము వాడాను" అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? మా పిన్ని ట్యూబు తీసుకెళ్ళింది, కానీ లోపల మిగిలిన కాస్త మందు కోసం దాని తోకను కత్తెరతో కోసి పారేసింది. బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చువేసి ఉండేది ఆ తోక మడత మీదే. పేరు చదువుదామంటే మిగతా అక్షరాలు కూడా పిండి పిండి చెరిగిపోయి ఉన్నాయి. చివరికి పాత అట్టపెట్టె బీరువాలో గాజులు దాచుకోవడానికి వాడుతోందని గుర్తొచ్చి, గాజులతో సహా పట్టుకొచ్చింది.